పదకొండో పంక్తి

మాటకు బరువు చెప్పినవారి పీటను బట్టి రాదు, అందులోని సత్యాన్ని బట్టి వస్తుందని పెద్దలు ఏనాడో తీర్మానించారు. ఆస్పత్రి కేసు షీటుకు ఆ తీర్మానం ఇంకా అందలేదు. అక్కడ డాక్టరు చెప్పింది రాస్తారు, నర్సు చెప్పింది రాస్తారు, సోషల్ వర్కరు చెప్పింది రాస్తారు. ఆయా చెప్పింది వింటారు. తీరిక లేకపోతే అదీ వినరు.

ఆ కేసు షీటుతో ఒక ఆయా పదమూడేళ్లు పోట్లాడింది.

ఆడవాళ్ల ఎముకల వార్డులో ఆమెను అందరూ దువ్వెనమ్మ అనేవారు. నీలం కోటు కుడి జేబులో వెడల్పు పళ్ల దువ్వెన ఒకటి ఎప్పుడూ ఉండేది. తుంటి విరిగినవారు, భుజానికి కట్టు కట్టించుకున్నవారు తమ తల తాము దువ్వుకోలేరు. వారం తిరిగేసరికి జుట్టు దిండుకు రాసుకుని రాసుకుని ముద్ద కడుతుంది. ఆయా చేయవలసిన పనుల జాబితా వార్డు గోడకు అంటించి ఉండేది: దుప్పట్లు మార్చడం, బెడ్‌పాన్ పెట్టడం, ఒళ్లు తుడవడం, ఎక్స్‌రే గదికి తోసుకెళ్లడం. తల దువ్వడం అందులో లేదు. ఆమె జాబితా అంతా పూర్తిచేసి, మిగిలిన పావుగంటలో మంచం తలవైపు స్టూలు వేసుకుని చిక్కులు తీసేది. ఒకరికి వాడిన దువ్వెనను మరుగునీళ్లలో ముంచి తీసిగాని ఇంకొకరి తలకు తాకించేది కాదు. పూజాపాత్రను కడిగినంత నిష్ఠగా కడిగేది.

ముఖం చూస్తూ చెప్పలేని మాటను మనిషి వెనక కూర్చున్నవారితో చెప్పగలడు. ఇది ఆమెకు ఏ గురువూ ఉపదేశించలేదు. ఆమె వేళ్లే నేర్చుకున్నాయి.

ఉద్యోగంలో చేరిన తొమ్మిదో ఏట, మెడ కింది ఎముక విరిగిన ఒక లాండ్రీ పనిమనిషి వార్డుకు వచ్చింది. పాతికేళ్లు ఉంటాయి. మూడోరోజు దువ్వించుకుంటూ, కిటికీవైపు చూస్తూ అంది:

"మెట్ల మీంచి జారిపడలేదక్కా. మా ఆయన తోశాడు. ఇదివరకు రెండుసార్లు తోశాడు. అప్పుడు విరగలేదంతే."

దువ్వెనమ్మ దువ్వెన జేబులో పెట్టుకుని డ్యూటీ డాక్టరు దగ్గరికి పరుగెత్తింది.

"కేసు షీటులో జారిపడింది అని ఉందే," అన్నాడు డాక్టరు కాగితం తిప్పుతూ.

"నాతో చెప్పింది సార్. ఇప్పుడే."

"నీతోనా?" ఆయన నవ్వాడు. చెడ్డవాడు కాడు, అలసిపోయినవాడు. "నీ సంతకం ఎక్కడ పెట్టించనమ్మా? దుప్పట్ల చీటీ మీదా?"

నాలుగోరోజు ఆ అమ్మాయిని ఇంటికి పంపించేశారు. అయిదు నెలల తర్వాత మళ్లీ తీసుకొచ్చారు. ఈసారి వార్డుకు కాదు, మెట్ల అడుగున ఉన్న చల్లని గదికి.

ఆ సాయంత్రం దువ్వెనమ్మ ఇంటికి వెళ్లి, బస్సు డ్రైవరైన భర్త చొక్కా విప్పుకుంటుండగా గుమ్మంలో నిలబడే చెప్పింది.

"నేను చదువుకోవాలండీ."

"ఏం చదువు?"

"సంతకం చెల్లే చదువు."

అప్పటికామెకు ముప్పై నాలుగేళ్లు. బడి మానేసింది ఎనిమిదో తరగతిలో.

ఆ చదువు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చెప్పినవాడు ఆస్పత్రిలోని పాత సోషల్ వర్కరు. రిటైర్మెంటుకు ఏడాది ఉన్న ఆ పెద్దమనిషి, చేయి చాపి ఒక్కొక్క వేలే మడిచాడు. "ఓపెన్ స్కూల్లో పదో తరగతి. తర్వాత పన్నెండు. ఆ తర్వాత దూరవిద్యలో డిగ్రీ. ఆపైన కాలేజీకి వెళ్లి రెండేళ్ల సోషల్ వర్క్ పీజీ. అందులో పాఠాలు సగమే. మిగతా సగం ఫీల్డ్ వర్క్, తొమ్మిది వందల గంటలు, పైన ఒక సూపర్‌వైజరు. అదంతా అయ్యాక కౌన్సిల్ రిజిస్టర్లో పేరు." అయిదు వేళ్లూ మడిచేసరికి అది పిడికిలైంది.

"దగ్గరదారి లేదా సార్?"

"ఉంది. ఆరునెలల సర్టిఫికెట్ కోర్సు. గోడకు తగిలించుకోవచ్చు. సంతకం మాత్రం చెల్లదు."

"అయితే ఆ అయిదు వేళ్లే కానీండి," అంది ఆమె.

ఇంట్లో అత్తగారి అభిప్రాయం మరోలా ఉండేది. ఆ తల్లి నోరు పదునైనది.

"సూదిలో దారం ఎక్కించడానికి పక్కింటి పిల్లను పిలుస్తావు. నీకు అక్షరాలు కనిపిస్తాయటే?"

"సూది బెజ్జం కన్నా అక్షరం పెద్దదే అత్తయ్యా."

"ఓహో! నోటికి మాత్రం డిగ్రీ ఎప్పుడో ఇచ్చేసినట్టున్నారు."

లెక్కల పరీక్ష రెండుసార్లు తప్పింది. మూడోసారి ముప్పై ఆరు మార్కులతో గట్టెక్కింది. వార్డు సిస్టరు, "ఏం దువ్వెనమ్మా, కలెక్టరెప్పుడవుతావు?" అని అడిగినప్పుడల్లా, "ముందు ఆ మూడో మంచం బెడ్‌పాన్ తీసి అవుతా సిస్టర్," అని వెళ్లిపోయేది. డిగ్రీకి మూడేళ్లు చాలలేదు, ఆరు పట్టాయి. నడుమ కూతురికి పెళ్లయి వేరే కాపురం పెట్టింది. పీజీలో చేరడానికి వెళ్తే కాలేజీ గుమాస్తా తల ఎత్తకుండానే అడిగాడు:

"మీ అమ్మాయికా, అబ్బాయికా అడ్మిషను?"

"మా అమ్మాయి చదువు అయిపోయిందండీ. ఇప్పుడు నా వంతు."

క్లాసులో ఇరవై రెండేళ్ల పిల్లలు ఆంటీ అనేవారు. "ఆంటీ అన్నవాళ్లకి నోట్సు ఇవ్వను," అని ప్రకటించింది. రెండో వారానికి అందరూ అక్కా అన్నారు.

ఫీల్డ్ వర్క్‌కు తాను పనిచేసే ఆస్పత్రి పనికిరాదని నిబంధన. ఊరికి అవతలివైపున్న మరో ఆస్పత్రికి పంపారు. సూపర్‌వైజరు గదిలో అడుగుపెట్టి చూస్తే, కుర్చీలో ఉన్నది ముప్పై ఏళ్ల అమ్మాయి. ఏడేళ్ల కిందట ఆ అమ్మాయే విద్యార్థినిగా ఎముకల వార్డుకు వచ్చి, కట్టు విప్పిన గాయం చూసి కళ్లు తిరిగి పడిపోబోతే, వెనకనుంచి పట్టుకుని నీళ్లు చల్లింది దువ్వెనమ్మే.

"మీరు నన్ను మేడమ్ అంటే నాకు నవ్వొస్తుంది," అంది ఆ అమ్మాయి.

"నవ్వుకోండి మేడమ్. కళ్లు తిరగనంతవరకు ఫర్వాలేదు."

నవ్వులయ్యాక ఆ అమ్మాయి పని చెప్పింది. నీలం కోటు వేసుకురాకూడదు. ప్రతి సంభాషణకూ మాటకు మాట రికార్డు రాయాలి. కాగితాన్ని మూడు నిలువు గళ్లుగా గీసి, మొదటి గడిలో రోగి అన్నదీ తాను అన్నదీ చేసినదీ, రెండో గడిలో ఆ క్షణాన మనసులో కలిగినది, మూడో గడి సూపర్‌వైజరుకు. పంక్తులకు వరుస సంఖ్యలు. అందంగా రాయనక్కరలేదు, జరిగినట్టు రాయాలి.

"జరిగినట్టు," అని దువ్వెనమ్మ ఆ మాటను మరోసారి పలికింది. దానికోసమే కదా తాను ఇంత దూరం నడిచి వచ్చింది!

కోటు ఇంట్లో ఉండిపోయింది. దువ్వెన మాత్రం చేతిసంచిలోకి చేరింది.

పదకొండో వారంలో ఆమెకు అప్పగించిన రోగి ఒక దర్జీ పెద్దావిడ. అరవై ఎనిమిదేళ్లు. ఎడమ మణికట్టు విరిగింది, తలకు కుడివైపు తొమ్మిది కుట్లు పడ్డాయి. కుట్టుమిషను బల్ల మూల తగిలిందని కేసు షీటులో ఉంది. ఇంట్లో ఉండేది ఆవిడా, చెల్లెలి కొడుకూ. రెండుసార్లు వెళ్లి కూర్చుంటే రెండుసార్లూ ఆవిడ పైకప్పునే చూస్తూ, "బాగానే ఉన్నానమ్మాయ్, వెళ్లు," అంది. మూడోసారి వెళ్లేసరికి కట్టు కింది జుట్టు ఎండిన నెత్తురుతో అట్టకట్టి ఉంది.

"దువ్వమంటారా అమ్మా?"

పెద్దావిడ కుడిచేత్తో కట్టు తడుముకుని, "ఊఁ" అంది.

దువ్వెనమ్మ మంచం తలవైపు చేరింది. తడిగుడ్డతో నానబెట్టి, కొసలనుంచి మొదలుపెట్టింది. మూడు చిక్కులు విడిపోయాయి. నాలుగో చిక్కు దగ్గర పెద్దావిడ గొంతు కదిలింది.

"ఎవరికీ చెప్పనంటే ఒక మాట చెప్తా."

"ఎవరికీ చెప్పనమ్మా. చెప్పండి."

"బల్ల కాదు. గజంబద్ద. ఇనప గజంబద్ద. నలభై ఏళ్లు దాంతో గుడ్డ కొలిచాను. దాంతోనే కొట్టాడు. ఆ గది ఖాళీ చేసిమ్మంటాడు. ఇంటికి పంపిస్తే ఈసారి బల్ల సంగతి కూడా చెప్పడానికి ఉండను."

దువ్వెన ఆగింది. ఏం చేసిందో ఆమెకు అప్పుడు తెలిసింది. రోగి ప్రాణానికి ముప్పు ఉందని తెలిస్తే సోషల్ వర్కరు దాచకూడదు. కనుక రహస్యానికి ఉండే హద్దును సంభాషణకు ముందే చెప్పి తీరాలి. ఈ ప్రశ్నకు ఆమె పరీక్షలో పదికి పది తెచ్చుకుంది. కాని మంచం తలవైపు కూర్చున్నది పరీక్ష రాసిన విద్యార్థిని కాదు, ఇరవై రెండేళ్ల ఆయా నాలుక. ఆ నాలుక వేలసార్లు 'ఎవరికీ చెప్పను' అంది. చెప్పినా ఎవరూ రాసుకోని రోజుల్లో ఆ మాటకు ఖర్చు లేదు. ఇప్పుడు రాసుకునే చోట నిలబడి అదే మాట ఇచ్చింది.

లేచి, సూపర్‌వైజరు గదికి వెళ్లి, అంతా చెప్పింది. గంటలో వార్డు సమావేశం జరిగింది. పెద్దావిడ చెప్పిన మాటలు కేసు షీటుకు ఎక్కాయి. కింద సూపర్‌వైజరు సంతకం, దాని కింద దువ్వెనమ్మ సంతకం. ఇరవై రెండేళ్లలో మొదటిసారి. ఆ క్షణం కోసమే బతికిన మనిషికి ఆ క్షణాన సంతోషం కలగలేదు. పోలీసు ఆఫీసరు వచ్చి వాంగ్మూలం అడిగినప్పుడు పెద్దావిడ గుమ్మంలో ఉన్న ఆమెను చూసి ఒక్క మాటే అంది:

"ఎవరికీ చెప్పనన్నావు కదే."

ఆ తర్వాత గోడవైపు తిరిగి పడుకుంది. పెద్దావిడను ఇంటికి పంపలేదు. వృద్ధుల ఆశ్రమంలో చోటు దొరికింది. ప్రాణం నిలిచింది. వెళ్లేరోజు కూడా ఆమెతో మాట్లాడలేదు.

దువ్వెనమ్మ రికార్డు జరిగినట్టే రాసింది. ఎనిమిది, తొమ్మిది పంక్తుల్లో దువ్వడం. పదో పంక్తిలో పెద్దావిడ షరతు. పదకొండో పంక్తిలో తన మాట. సూపర్‌వైజరు చదివి, ఎర్ర కలం తీసి, మళ్లీ లోపల పెట్టేసి, పెన్సిలుతో పదకొండు చుట్టూ సన్నని సున్నా చుట్టింది.

"ఇది చాలా పెద్ద తప్పు. మీకు తెలుసు."

"తెలుసు మేడమ్."

"తెలిసింది కాబట్టి ఇక్కడితో వదిలేద్దాం. పరీక్ష బోర్డుదాకా పోనక్కర్లేదు."

దువ్వెనమ్మ ఆ కాగితాన్ని సంచిలో దువ్వెన పక్కన పెట్టుకుంది.

వైవా జరిగిన గదిలో పొడవాటి బల్ల మీద ఆకుపచ్చ గుడ్డ పరచి ఉంది. నడుమ విభాగాధిపతి. ఆయనకు కుడివైపు బయటినుంచి వచ్చిన పరీక్షకురాలు, ముప్పై ఐదేళ్లు పిల్లల సంరక్షణాలయాల్లో పనిచేసి రిటైరైనావిడ. ఎడమవైపు సూపర్‌వైజరు. ఎదురుగా ఒంటి కుర్చీ.

"ఎనిమిదో పంక్తి చదవండి," అన్నాడు విభాగాధిపతి.

ఆమె చదివింది. "దువ్వమంటారా అని అడిగాను. ఊఁ అన్నారు. మంచం తలవైపు కూర్చుని మొదలుపెట్టాను."

"తొమ్మిది?"

"మూడు చిక్కులు తీశాను. నాలుగోది తీస్తుండగా ఆవిడ మాట్లాడారు."

"ఇది ఎవరి పని?"

"ఏది సార్?"

"తల దువ్వడం. సోషల్ వర్కరు పనా, ఆయా పనా?"

"చిక్కుకు ఆ తేడా తెలీదు సార్."

బయటి పరీక్షకురాలు దగ్గింది. ఆ దగ్గులో కొంత నవ్వు ఉంది. విభాగాధిపతి నవ్వలేదు.

"నేను హాస్యానికి అడగలేదు. రెండేళ్లు మేం నేర్పిందేమిటి? వృత్తికి ఒక హద్దు ఉంటుందని. ఇవాళ తల దువ్వుతారు, రేపు బట్టలు ఉతుకుతారు, ఎల్లుండి ఆ ముసలావిడ మిమ్మల్ని కూతురనుకుంటుంది. మీకు వేరేచోటికి బదిలీ అయిన రోజున ఆవిడ గతేమిటి? మీరు ఆయాగా వచ్చారు. ఆయాగానే వెళ్లిపోతానంటే ఈ పట్టా ఎందుకు?"

ఆ మాటలో పస లేకపోలేదు. దువ్వెనమ్మ దాన్ని కాసేపు మనసులో తూచి చూసుకుంది.

"మీరన్న ప్రమాదం ఉంది సార్. ఒప్పుకుంటాను. కానీ ఆవిడను అడిగి దువ్వాను. ఊఁ అన్నాకే దువ్వాను. దువ్వకముందు రెండు రోజులు ఆవిడ నోరు విప్పలేదు."

"వాదన వద్దు." ఆయన కాగితాలు సర్ది, గొంతు మెత్తబరిచాడు. "మీ వయసు, మీ కష్టం మాకు తెలియనివి కావు. రెండు పంక్తులు కొట్టేయండి. ఎనిమిది, తొమ్మిది. శుభ్రమైన ప్రతి రేపు పదింటికి ఇవ్వండి, పాస్ చేసి పంపిస్తాం. లేదంటే ఫీల్డ్ వర్క్ మళ్లీ చేయాలి. పద్నాలుగు వారాలు."

సూపర్‌వైజరు కళ్లతోనే బతిమాలింది: కొట్టేయండి.

"కొట్టేయను సార్."

"ఏమిటీ?"

"ఇదే రికార్డు ఆస్పత్రి ఫైల్లో ఉంది. అందులో దువ్వెన ఉంటుంది, మీ ఫైల్లో ఉండదు. జరిగింది ఒకటే అయితే కాగితాలు రెండు రకాలెందుకుండాలి? ఆవిడ ఊరికే నోరు విప్పిందని రాస్తే అబద్ధం. నేను గొప్ప ప్రశ్న వేసి విప్పించానని రాస్తే ఇంకా పెద్ద అబద్ధం. చేసింది ఆ దువ్వెన."

"అంటే మీ తప్పు మీరు ఒప్పుకోరు."

"ఒప్పుకుంటాను సార్. కానీ మీరు వేలు పెట్టిన చోట నా తప్పు లేదు." ఆమె కాగితం తిప్పి ఆయన ముందుకు తోసింది. "పదకొండో పంక్తి చూశారా?"

సూపర్‌వైజరు ముఖం పాలిపోయింది. విభాగాధిపతి చూడలేదు. బయటి పరీక్షకురాలు కళ్లద్దాలు ముక్కు కొసకు జార్చుకుని, కాగితం తన వైపు లాక్కుని చదివింది. మళ్లీ చదివింది.

"ఎవరికీ చెప్పనని మాటిచ్చావా?"

"ఇచ్చానండీ. గంట తిరక్కుండానే చెప్పాను. చెప్పకపోతే ఆవిడ బతికుండేది కాదు. కానీ హద్దు ముందే చెప్పాలి, చెప్పలేదు. మా మేడమ్ అప్పుడే పట్టుకున్నారు, అదుగో పెన్సిల్ గుర్తు. ఆవిడ నావైపు మళ్లీ చూడలేదు. నన్ను తప్పించదలిస్తే తప్పించండి, నాకదేం కొత్త కాదు, లెక్కల్లో రెండుసార్లు తప్పాను. కానీ దేనికి తప్పించారో అది సరిగ్గా రాయండి."

"అమ్మాయ్," అంది పరీక్షకురాలు, "నోరు మూసుకుని ఆ రెండు గీతలు గీసి ఉంటే రేపు పదింటికి పాసయ్యేదానివి."

"తెలుసండీ."

"మరెందుకీ పంతం?"

"నా మాట కాగితం మీద నిలవాలని పదమూడేళ్లు చదివానండీ. నిలవడం మొదలైంది మొన్ననే. అప్పుడే దాన్ని దిద్దమంటే ఎలా?"

ముగ్గురూ ఆమెను బయట కూర్చోబెట్టారు. అరగంట తర్వాత పిలిచారు. విభాగాధిపతి ఉత్తర్వు ముందుంచాడు: వృత్తిపరమైన హద్దులు అతిక్రమించినందున ఫీల్డ్ వర్క్ మళ్లీ చేయవలెను. కింద విద్యార్థి సంతకానికి ఒక గీత.

ఆమె చదివి, కలం మూత పెట్టేసింది.

"ఇది దువ్వెన గురించి సార్. దీనికి సంతకం పెట్టను."

"విద్యార్థి సంతకం లేకపోయినా ఉత్తర్వు చెల్లుతుంది."

"మరి గీత ఎందుకు గీశారు?"

బయటి పరీక్షకురాలు ఉత్తర్వును తన వైపు లాక్కుంది. "నా సంతకం లేకుండా మాత్రం చెల్లదు కదా," అంటూ కారణం ఉన్న పంక్తిని కొట్టేసి, పైన తన చేతిరాతతో రాసింది: గోప్యతకు ఉన్న పరిమితిని ముందుగా తెలియజేయకుండా రోగికి మాట ఇచ్చినందున. "ఎనిమిది, తొమ్మిది మీద మీకూ నాకూ అభిప్రాయభేదం ఉంది," అని విభాగాధిపతితో అంది. "అది వేరే రోజు పోట్లాడుకుందాం. ఈ పిల్ల సమయం ఎందుకు పాడుచేయడం?"

నలభై ఏడేళ్ల ఆ పిల్ల సంతకం చేసింది. పూర్తి పేరు, పొడి అక్షరాలు కాదు, గీత ఈ కొసనుంచి ఆ కొసదాకా. ఆ ఉత్తర్వు ప్రతి ఇప్పటికీ ఆమె బల్ల సొరుగులో పట్టాకు పైనే ఉంటుంది. పట్టా వచ్చి, కౌన్సిల్ రిజిస్టర్లో పేరెక్కిన తర్వాత కూడా ఆ వరుస మార్చలేదు.

ఇంటికి వెళ్లేసరికి అత్తగారు గుమ్మంలోనే ఉంది.

"ఏమైందే? పాసా?"

"తప్పానత్తయ్యా."

"ఎవడు తప్పించాడు?"

"నేనే."

జరిగిందంతా చెప్పేసరికి ఆవిడ రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. "జనం పాసవడానికి నానాపాట్లు పడతారు. నా కోడలు తప్పడానికి వాదించి గెలిచి వచ్చింది! ఒరే, విన్నావుట్రా నీ పెళ్లాం ఘనకార్యం?"

బస్సు డ్రైవరు మంచం మీద కూర్చుని పడీపడీ నవ్వుతున్నాడు. "కండక్టరు చూడకుండా పోతుంటే, పిలిచి మరీ నా దగ్గర టికెట్టు లేదు అని దిగిపోయే ప్యాసింజర్లు ఉంటారే అమ్మా. ఇరవై ఏళ్లలో ఒక్కరినే చూశాను. రెండోది ఇదిగో."

"నవ్వు, నవ్వు. పద్నాలుగు వారాలు మళ్లీ పొయ్యి దగ్గర నిలబడేది నువ్వా నేనా?" అత్తగారు కోడలి చేతిలోని కాగితం లాక్కుని, తలకిందులుగా పట్టుకుని, తిరిగి ఇచ్చేసింది. "చదువు. అందులో ఏముందో చదువు."

ఆమె చదివింది.

"మాట ఇచ్చినందున," అని ముసలావిడ నెమ్మదిగా ఆ కొస పట్టుకుంది. "దువ్వెన లేదుగా అందులో?"

"లేదత్తయ్యా."

"సరే అయితే. పదమూడేళ్లు నిలబడ్డ కాళ్లకి పద్నాలుగు వారాలు ఓ లెక్కా? వెళ్లి కాళ్లు కడుక్కో."

మళ్లీ మొదలైన ఫీల్డ్ వర్క్‌లో సూపర్‌వైజరు ఆమెకు ఆశ్రమాన్నే కేటాయించింది. అక్కడ దర్జీ పెద్దావిడ ఉంది. "ఆవిడ వద్దంటే వెంటనే మార్చేస్తాను," అంది ఆ అమ్మాయి. "కానీ ముందు మీరే వెళ్లి అడగండి."

పొడవాటి గదిలో ఆరు మంచాలు. కిటికీ పక్కది పెద్దావిడది. మణికట్టు అతుక్కుంది కాని వేళ్లు ఇంకా సరిగ్గా ముడుచుకోవడం లేదు. ఒడిలో చిరిగిన దిండు గలీబు, గుచ్చి వదిలేసిన సూది. అడుగుల చప్పుడుకు తల తిప్పి, ఎవరో చూసి, మళ్లీ కిటికీవైపు తిరిగింది.

దువ్వెనమ్మ స్టూలు లాక్కుని ఈసారి ఎదురుగా కూర్చుంది.

"అమ్మా, నేను ఆ రోజు ఎవరికీ చెప్పనని మాటిచ్చాను. అది నేను ఇవ్వగలిగిన మాట కాదు. ఇచ్చినందుకు పరీక్ష తప్పాను. ఇప్పుడు ముందే చెప్తున్నాను: మీరు నాతో అన్న మాటల్లో మీ ప్రాణానికి ముప్పు ఉన్నదేదైనా ఉంటే నేను దాచను. మిగతాది నాతోనే ఉంటుంది. నన్ను రావద్దంటే రాను. వేరే ఆవిడను పంపుతారు."

వరండాలో ఎవరో బకెట్టు ఈడ్చిన చప్పుడు.

"ఈ మాట ఆ రోజే చెప్పి ఉంటే," అంది పెద్దావిడ కిటికీతోనే మాట్లాడుతున్నట్టు, "నేను నోరు విప్పేదాన్ననుకున్నావా?"

"విప్పేవారు కారేమో."

"విప్పకపోతే పోయేదాన్ని."

"అవునమ్మా."

"మరి?"

దువ్వెనమ్మ చేతులు ఒడిలో పెట్టుకుంది. "అయినా చెప్పాలి," అంది.

"మొండిఘటానివే నువ్వు." పెద్దావిడ సూది తీసి గలీబు మడతలో గుచ్చింది. "పరీక్ష తప్పావా? నిజంగా?"

"నిజంగా."

"నా మూలాన?"

"కాదు. నా మూలానే."

పెద్దావిడ ఆమెను మొదటిసారి తేరిపార చూసింది. గుడ్డ నాణ్యం చూసే దర్జీ చూపు అది. తర్వాత మెల్లగా మంచం మీద జరిగి, వీపు ఆమెవైపు తిప్పి కూర్చుంది. తెల్లజుట్టు మెడ మీద ముద్దగా పడి ఉంది.

"సంచిలో ఉందా, ఇంట్లో వదిలేసి వచ్చావా?"

"ఉంది."

"కుడివైపు మెల్లగా. అక్కడ తాకితే ఇంకా జివ్వుమంటుంది."